మంచులో ప్రాణం: పశువీర్య పరిరక్షణలో నూనెగింజల పాత్ర

సింగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఎందరో పిల్లలు కె.కె. ఆసుపత్రిలో కన్ను తెరిచినవారే. ఆ రెండక్షరాలు 'కండాంగ్ కెర్బావ్' అనే మలయ్ మాటలకు పొడి అక్షరాలు. అర్థం గేదెల దొడ్డి. ఒకనాడు ఆ చుట్టుపక్కల పశువుల కొట్టాలుండేవి. సెరంగూన్ రోడ్డు వెంబడి పశువుల వ్యాపారం సాగేది. లిటిల్ ఇండియాలోని బఫెలో రోడ్డు, దానికి చేరువలోనే ఉన్న కెర్బావ్ రోడ్డు ఒకే జంతువు పేరును రెండు భాషలలో మోస్తూ నేటికీ నిలిచి ఉన్నాయి. గేదెలు మాత్రం లేవు. పాలు అట్టపెట్టెలలో వస్తాయి. పాలిచ్చే జంతువును చూడాలంటే పిల్లలు సెలవులకు అమ్మమ్మగారి ఊరు వెళ్ళవలసిందే.

అక్కడ వారు చూసే దూడకు తల్లి కళ్ళెదుటే ఉంటుంది. తండ్రి ఎక్కడ ఉన్నాడన్నది ఇంట్లోవారికి కూడా తెలియకపోవచ్చును. అది నంద్యాలలోనో, విశాఖపట్నంలోనో, కరీంనగర్‌లోనో ఉన్న ఘనీకృత వీర్య కేంద్రంలో పెరిగిన ఆబోతు కావచ్చును, దున్నపోతు కావచ్చును. ఒక్కొక్కసారి దూడ పుట్టేనాటికి తండ్రి చనిపోయి సంవత్సరాలు గడిచి ఉంటాయి. ద్రవ నత్రజనిలో, సున్నాకు దిగువన 196 సెంటీగ్రేడు డిగ్రీల చలిలో, సన్నని ప్లాస్టిక్ గొట్టంలో నిద్రించిన వీర్యకణం ఆ దూడకు ప్రాణం పోసింది. ఈ నిద్రలోకి వెళ్ళేటప్పుడూ, దాని నుంచి లేచేటప్పుడూ కణం చావకుండా కాపాడే పదార్థాలలో గ్లిసరాల్, లెసిథిన్, విటమిన్ ఇ అనే మూడింటికి నూనెగింజలతో చుట్టరికం ఉన్నది. ఆ చుట్టరికాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

భారతదేశంలో కృత్రిమ గర్భధారణ 1939లో మైసూరు రాజప్రాసాదపు పాడిపశువుల క్షేత్రంలో డాక్టర్ సంపత్ కుమారన్ చేతుల మీదుగా మొదలయింది. ఆనాడు వాడినది తాజా వీర్యం. దానిని చల్లగా ఉంచినా రెండు మూడు రోజులకు మించి పనికిరాదు. గడ్డకట్టించి నిలువ చేయడం సాధ్యపడిన తరువాతనే ఒక మేలుజాతి ఆబోతు వందల ఊళ్ళకు తండ్రి కాగలిగింది. లెక్క చూడండి. ఒక ఆబోతు ఒక్క పర్యాయం ఇచ్చే వీర్యం ఇంచుమించు 5 మిల్లీలీటర్లు. ఒక్కొక్క మిల్లీలీటరులో సుమారు 100 కోట్ల కణాలుంటాయి. భారతదేశపు ప్రమాణాల ప్రకారం ఒక గొట్టంలో ఉండవలసిన కణాలు కనీసం 2 కోట్లు. అనగా ఒక్క సేకరణతో 250 గొట్టాలు నింపవచ్చును. అయితే ఆ 2 కోట్లలో గడ్డకట్టి, తిరిగి కరిగిన తరువాత చురుకుగా కదిలేవి సుమారు సగం మాత్రమే. మిగిలిన సగం దారిలో రాలిపోతాయి. ఎందుకు రాలిపోతాయి?

ఇందుకు మూడు శత్రువులున్నాయి. మొదటిది చలి. మంచు ఇంకా పుట్టకముందే ఇది పని ప్రారంభిస్తుంది. విజయవాడలో పుష్యమాసపు ఉదయాన కొబ్బరినూనె సీసాలో పేరుకొని ఉండటం పెద్దలందరికీ అనుభవమే. సింగపూర్‌లో ఆ దృశ్యం ఫ్రిజ్ తలుపు తెరిస్తేనే కనబడుతుంది. అదే చలిలో నువ్వులనూనె పేరుకోదు. కొబ్బరినూనెలోని కొవ్వు ఆమ్లాల గొలుసులు తిన్నగా ఉండి ఒకదాని పక్కన ఒకటి ఒదిగి కూర్చుంటాయి. నువ్వులనూనెలోని గొలుసులకు జంటబంధాల వద్ద వంకర ఉన్నందున అవి త్వరగా ఒదగవు. వీర్యకణం చుట్టూ ఉన్న పొర కూడా కొవ్వులతో అల్లినదే. ఫాస్ఫోలిపిడ్లు అనే అణువులు రెండు వరుసలుగా నిలబడి, వాటి నడుమ కొలెస్టరాల్ ఇరుక్కొని, ఆ పొర ఏర్పడుతుంది. శరీరపు వేడిలో అది ద్రవంలా కదులుతూ ఉంటుంది. 5 డిగ్రీలకు చల్లార్చేసరికి కొన్ని భాగాలు పేరుకొని, కొన్ని ద్రవంగానే ఉండిపోతాయి. ఈ రెండింటి సరిహద్దులో పొరకు చిల్లులు పడి, లోపలి లవణాలు బయటికీ బయటి కాల్షియం లోపలికీ ప్రవహిస్తాయి. శాస్త్రజ్ఞులు దీనిని 'శీతాఘాతం' అంటారు. పొరలో కొలెస్టరాల్ పాలు ఎక్కువగా ఉన్న జీవులు దీనిని బాగా తట్టుకుంటాయి. తక్కువగా ఉన్న పంది వీర్యం మరీ సున్నితం. అందుకే దానిని సాధారణంగా 17 డిగ్రీల వద్ద ద్రవరూపంలోనే ఉంచి వాడుకుంటారు. గేదె వీర్యం ఆవుజాతి వీర్యం కంటె గడ్డకట్టడానికి మొరాయిస్తుందని భారతదేశపు పశువైద్యులందరూ ఎరిగినదే.

రెండవ శత్రువు మంచు. నీరు గడ్డకట్టేటప్పుడు స్వచ్ఛమైన నీరే మంచుగా మారుతుంది. లవణాలన్నీ మిగిలిన కొద్దిపాటి ద్రవంలోకి నెట్టబడతాయి. కణం ఆ ఉప్పుటూటలో చిక్కుకొని, తనలోని నీటిని కోల్పోయి, ఎండిన ఉసిరికాయలా ముడుచుకుపోతుంది. ఈ బాధ తప్పించడానికి తొందరగా చల్లార్చితే నీరు బయటికి పోయే వ్యవధి లేక కణం లోపలే మంచుముక్కలు పుడతాయి. నెమ్మదిగా పోతే ఉప్పు, వేగంగా పోతే మంచు. రెంటి మధ్యా ఇరుకైన దారి ఒకటున్నది. ఆ దారిని వెడల్పు చేసినది గ్లిసరాల్.

ఆ ఆవిష్కరణ కథ చెప్పుకోదగినది. 1940ల చివరి సంవత్సరాలలో లండన్‌లోని జాతీయ వైద్య పరిశోధన సంస్థలో పోల్జ్, స్మిత్, పార్క్స్ అనే ముగ్గురు కోడిపుంజు వీర్యాన్ని చక్కెర ద్రావణంలో గడ్డకట్టించే ప్రయత్నం చేస్తూ విఫలమవుతూ వచ్చారు. కొంతకాలం పక్కనపెట్టి, మునుపటి సీసాలనే తీసి మళ్ళీ ప్రయోగం చేయగా ఒక సీసాలోని ద్రావణంలో కణాలు బ్రతికి కదిలాయి. తీరా పరీక్షిస్తే ఆ సీసాలో చక్కెర లేదు. చీటీలు తారుమారు కావడం వల్ల గ్లిసరాల్, ఆల్బుమిన్ కలిపిన ద్రవం అందులో ఉన్నది. 1949లో ఈ ఫలితం వెలువడింది. 1951లో గడ్డకట్టించిన వీర్యంతో ఇంగ్లండులో దూడ పుట్టిన వార్త వచ్చింది. గ్లిసరాల్ ఎలా కాపాడుతుందో వివరించినది అదే సంస్థలోని జేమ్స్ లవ్‌లాక్. భూమి అంతా ఒక జీవి వంటిదని వాదించి తరువాతి కాలంలో లోకప్రసిద్ధుడైన లవ్‌లాక్ ఈయనే. గ్లిసరాల్ నీటిలో కలిసి ఉన్నందున ప్రతి ఉష్ణోగ్రత వద్దా తక్కువ మంచు పుడుతుంది. మిగిలిన ద్రవంలో ఉప్పు గాఢత అంతగా పెరగదు. నేటికీ ఆబోతు వీర్యానికి కలిపే ద్రావణంలో ఆరు ఏడు శాతం గ్లిసరాల్ ఉంటుంది.

ఇక్కడ నూనె మొదటిసారి ప్రవేశిస్తుంది. గ్లిసరాల్ అంటే వేరేమీ కాదు, సబ్బు కాచేటప్పుడు పక్కకు వచ్చే గ్లిజరిన్. ఏ వంటనూనె అణువును తీసుకున్నా ఒక గ్లిసరాల్ వెన్నెముకకు మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కొని ఉంటాయి. ఆ మూడింటినీ విడదీస్తే గ్లిసరాల్ మిగులుతుంది. మలేసియా, ఇండొనేసియాల పామ్ నూనె పరిశ్రమ దీనిని పెద్ద ఎత్తున అందిస్తున్నది.

చలి అనే మొదటి శత్రువుకు మందు దాని కంటె పదేళ్ళు ముందే దొరికింది. 1939–40లలో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఫిలిప్స్, లార్డీ అనేవారు ఆబోతు వీర్యానికి కోడిగుడ్డు పచ్చసొన కలిపితే అది చల్లదనాన్ని తట్టుకుంటుందని చూపారు. ఎనభై ఏళ్ళు దాటినా నేటికీ అనేక వీర్యకేంద్రాలలో ఉదయం పని గుడ్లు పగలగొట్టడంతోనే మొదలవుతుంది. పెంకును స్పిరిటుతో తుడిచి, తెల్లసొన తీసివేసి, పచ్చసొనను వడపోత కాగితంపై దొర్లించి, పైపొరను చీల్చి లోపలి ద్రవాన్ని మాత్రం తీసుకుంటారు. ట్రిస్ అనే క్షారం, సిట్రిక్ ఆమ్లం, ఫ్రక్టోజు కలిపిన ద్రావణంలో పచ్చసొన ఇరవై శాతం వరకు వేస్తారు. రోదసీయుగపు ద్రవ నత్రజనికీ, వంటింటి గుడ్డుకూ ఇంత స్నేహం కుదరడం విజ్ఞానశాస్త్ర చరిత్రలోని వింతలలో ఒకటి.

పచ్చసొనలో పనిచేసే భాగం ఏది? 1974లో అమెరికా పరిశోధకులు పేస్, గ్రాహమ్ అందులోని అల్పసాంద్రత లైపోప్రోటీన్లే రక్షిస్తున్నాయని తేల్చారు. రక్తపరీక్ష కాగితాలలో 'ఎల్.డి.ఎల్.' అని భయపెట్టే జాతి పదార్థమే ఇది. ఇక్కడ మాత్రం మేలు చేస్తున్నది. ఎలా చేస్తున్నదో చాలాకాలం తెలియలేదు. మాంట్రియల్ విశ్వవిద్యాలయంలో పుట్టస్వామి మంజునాథ్ బృందం ఇందుకు ఒక చక్కని వివరణ ఇచ్చింది. ఆబోతు వీర్యద్రవంలోనే బి.ఎస్.పి. అనే ప్రోటీన్లున్నాయి. ఇవి కణపు పొరకు అంటుకొని, దానిలోని కొలెస్టరాల్‌ను, ఫాస్ఫోలిపిడ్లను మెల్లమెల్లగా పీకివేస్తాయి. ప్రకృతి సిద్ధమైన గర్భధారణలో ఇది అవసరమైన పనే. కణం అండంతో కలవడానికి సిద్ధపడుతుంది. కాని గొట్టంలో గంటల తరబడి నిలువ ఉన్నప్పుడు ఇదే పని పొరను బలహీనపరుస్తుంది. పచ్చసొనలోని లైపోప్రోటీన్లు ఈ ప్రోటీన్లను తమకు అంటించుకొని కణం జోలికి పోకుండా పట్టి ఉంచుతాయి.

మరి పచ్చసొనతో చిక్కేమిటి? సింగపూర్ వాసులకు ఇది వేరే చెప్పనక్కరలేదు. 2004 ఆగస్టులో మలేసియాలోని కెలాంటన్ రాష్ట్రంలో పక్షిజ్వరం బయటపడగానే ఇక్కడి ప్రభుత్వం ఆ దేశపు కోళ్ళను, గుడ్లను నిలిపివేసింది. గుడ్ల అరలు ఖాళీ అయినాయి. గుడ్డు ఒక జంతువు నుంచి వచ్చినది. దానితో పాటు సూక్ష్మజీవులు రావచ్చును. ఒక దేశం నుంచి మరొక దేశానికి వీర్యం పంపేటప్పుడు ఆబోతు ఆరోగ్య పత్రంతో పని తీరదు, గుడ్డు పెట్టిన కోడి సంగతీ అడుగుతారు. పైగా ఏ రెండు గుడ్ల పచ్చసొనా ఒక్కలా ఉండదు. కోడి తిన్న మేతను బట్టి, వయసును బట్టి కొవ్వుల పాళ్ళు మారుతాయి. ఇటువంటి వస్తువుతో ఈనెల వచ్చిన ఫలితం వచ్చేనెల రావాలని కోరడం రసాయన శాస్త్రజ్ఞునికి మింగుడుపడే సంగతి కాదు.

అందువల్ల పరిశోధకులు మొక్కల వైపు చూశారు. ఇక్కడ ఒక మాట విశదపరచాలి. 'మొక్కల నూనె వీర్యాన్ని కాపాడుతుంది' అని పైపైన చెబుతారు గాని, నూనెను నేరుగా పోస్తే అది నీటిపై తేలి ఊరుకుంటుంది. కావలసినది నూనెను శుద్ధి చేసేటప్పుడు పారవేసే భాగం. గానుగ నూనె డబ్బా అడుగున మడ్డి పేరుకోవడం పాతతరం వారు చూసినదే. ఆ మడ్డిలో ఫాస్ఫోలిపిడ్లు కొంత ఉంటాయి. సోయా నూనె మిల్లులో పచ్చినూనెకు వేడినీరు కలిపి తిప్పితే ఈ ఫాస్ఫోలిపిడ్లు నీటిని పీల్చుకొని జిగురుగా విడిపోతాయి. ఆ జిగురును ఆరబెట్టినదే సోయా లెసిథిన్. చాక్లెట్టు కాగితంపై 'ఇ 322' అని చదివిన పిల్లలు దీనిని తిన్నవారే. తమాషా ఏమంటే, ఫ్రెంచి రసాయనవేత్త గోబ్లీ 19వ శతాబ్ది నడుమ ఈ పదార్థాన్ని మొట్టమొదట పచ్చసొన నుంచే వేరుచేసి, పచ్చసొనకు గల గ్రీకు పేరును బట్టి లెసిథిన్ అని నామకరణం చేశాడు. సోయాగింజ నుంచి వచ్చినా అది గుడ్డు ఇంటిపేరునే మోస్తున్నది.

ఆగ్నేయాసియా అంతటా విస్తారంగా దొరికే పామ్ నూనె ఈ పనికి రాదు. పామ్ గెలలను ఆవిరిలో ఉడికించి పిండే పద్ధతిలో ఫాస్ఫోలిపిడ్లు నూనెలోకి దాదాపు రావు. సోయా, పొద్దుతిరుగుడు వంటి గింజలే ఆధారం.

సోయా లెసిథిన్ ఆధారంగా జర్మనీలోని మినిట్యూబ్ సంస్థ 'ఆండ్రోమెడ్', ఫ్రాన్స్‌లోని ఐ.ఎం.వి. సంస్థ 'బయోక్సెల్' అనే ద్రావణాలను తయారుచేశాయి. గుడ్డు లేదు, సీసా మూత తీసి నీరు కలపడమే. ఆబోతు, గేదె, పొట్టేలు వీర్యాలపై అనేక దేశాలలో వీటిని పచ్చసొనతో పోల్చి చూశారు. ఫలితాలు ఏకముఖంగా లేవు. కొన్నిచోట్ల లెసిథిన్ సమానంగా నిలిచింది, కొన్నిచోట్ల మెరుగయింది, కొన్నిచోట్ల వెనుకబడింది. పొట్టేలు వీర్యంపై స్పెయిన్‌లో జరిగిన ఒక పరిశోధన 2012లో హెచ్చరిక వంటి ఫలితాన్ని చూపింది. లెసిథిన్‌లో గడ్డకట్టిన కణాలు పైకి బాగానే కదిలినా, వాటి శక్తికేంద్రాలైన మైటోకాండ్రియాల పని మందగించింది. సూక్ష్మదర్శినిలో కదలిక చూసి మురిసిపోవడం చాలదన్నమాట.

ఈ తేడాలకు కారణం రసాయన దృష్టితో ఆలోచిస్తే కొంత బోధపడుతుంది. పచ్చసొనలోని ఎల్.డి.ఎల్. ఒక కట్టడం. నడుమ కొవ్వు ముద్ద, చుట్టూ ఫాస్ఫోలిపిడ్ల తొడుగు, దానిలో ప్రోటీన్లు, కొలెస్టరాల్. లెసిథిన్ ఇటుకలు మాత్రమే ఇస్తుంది. మొక్కలలో కొలెస్టరాల్ దాదాపు ఉండదు, వాటి స్టెరాళ్ళు వేరు. బజారులో దొరికే ద్రవ లెసిథిన్‌లో మూడోవంతు నూనే ఉంటుంది. మిగిలినది నాలుగైదు రకాల ఫాస్ఫోలిపిడ్ల మిశ్రమం. ఒక ప్రయోగశాల వాడిన లెసిథిన్ మరొక ప్రయోగశాల వాడినది ఒకటే అనుకోవడానికి వీల్లేదు. ఎంత సన్నని రేణువులుగా చెదరగొట్టారన్నది కూడా ముఖ్యం. ముద్దలుగా ఉంటే కణానికి అందదు, మోతాదు మించితే ద్రావణం చిక్కబడి కణం ఈదలేదు. పేరు చెప్పినంత మాత్రాన చాలదు, ఏ శుద్ధత, ఎంత శాతం, ఏ పరిమాణపు రేణువు అన్నది చెప్పాలి. వెలువడుతున్న వ్యాసాలలో ఈ వివరాలు తరచు కొరవడటం విచారకరం.

మూడవ శత్రువు ఆమ్లజని. వీర్యకణపు పొరలో ఆరు జంటబంధాలున్న కొవ్వు ఆమ్లం దండిగా ఉంటుంది. చేపనూనెలో ఉండే డి.హెచ్.ఏ. ఇదే. ఎన్ని జంటబంధాలుంటే పొర అంత పలుచగా కదులుతుంది, అంత త్వరగా మక్కిపోతుంది కూడా. పాత నూనెకు వచ్చే మక్కువాసన వెనుక ఉన్న చర్యే ఇక్కడ కణాన్ని చంపుతుంది. సాధారణ కణాలలో ఉండే రక్షక ఎంజైములు వీర్యకణంలో తక్కువ. తోక, తల తప్ప దానికి సామాను దాచుకునే చోటే లేదు. చనిపోయిన కణాలు హైడ్రోజన్ పెరాక్సైడును విడిచి పక్కవాటిని కూడా లాగుతాయి. సోయా లెసిథిన్‌లోని కొవ్వు ఆమ్లాలలో లినోలియిక్ ఆమ్లం అధికం కనుక ఇది కూడా మక్కగలదు. దీనికి విరుగుడు కూడా నూనెగింజలోనే ఉన్నది. నూనెకు వాసన పోగొట్టడానికి శూన్యంలో ఆవిరి పంపినప్పుడు ఆవిరితో పాటు లేచిపోయే పదార్థాలలో టోకోఫెరాళ్ళు, అనగా విటమిన్ ఇ, దొరుకుతాయి. అది పొరలోనే ఇమిడి ఉండి ఆమ్లజని గొలుసుచర్యను మధ్యలో తెంపుతుంది. అందుకే గడ్డకట్టించే ద్రావణాలలో విటమిన్ ఇ కలిపి చూసిన ప్రయోగాలు అనేకం.

సింగపూర్‌కు పొరుగున, సెర్డాంగ్‌లోని పుత్ర మలేసియా విశ్వవిద్యాలయంలో మరొక దారి తొక్కారు. ఆబోతు వీర్యపు ట్రిస్ ద్రావణంలో శుద్ధ కొబ్బరినూనెను పచ్చసొనతోను, సోయా లెసిథిన్‌తోను కలిపి పరీక్షించి 2017లో ఫలితాలు ప్రకటించారు. ఇక్కడ నిజంగా నూనెనే వాడారు. లెసిథిన్ గాని పచ్చసొన గాని ఆ నూనెను సన్నని బిందువులుగా చెదరగొట్టి నిలబెడుతుంది. కొబ్బరినూనె దాదాపు అంతా జంటబంధాలు లేని కొవ్వు కనుక మక్కిపోయే భయం లేదు. అయితే 5 డిగ్రీల వద్ద అది పేరుకొంటుంది. పేరుకొన్న బిందువు కణపు పొరకు ఏ విధంగా ఉపకరిస్తుందన్న ప్రశ్నకు అణువుల స్థాయిలో సమాధానం రావలసి ఉన్నది.

ఈ చర్చ అంతా ప్రయోగశాల ముచ్చట కాదు. ఒంగోలు జాతి 19వ శతాబ్దంలోనే ఓడలెక్కి బ్రెజిల్ చేరింది. 1960ల ఆరంభంలో మరికొన్ని మేలు ఆబోతులు వెళ్ళాయి. నెల్లూరు పేరుతో ఆ జాతి నేడు బ్రెజిల్ పశుసంపదకు వెన్నెముక. 2023లో 'వియాటినా-19' అనే నెల్లూరు ఆవులో మూడోవంతు వాటా వేలంలో అమ్ముడుపోగా, ఆ లెక్కన దాని మొత్తం విలువ 40 లక్షల డాలర్లు దాటింది. పుట్టింట ట్రాక్టర్లు వచ్చిన తరువాత దుక్కిటెద్దుకు పని తగ్గి, మంచి ఒంగోలు జత కనబడటమే అపురూపమయింది. గుంటూరు దగ్గర లాం పశుపరిశోధన కేంద్రంలో ఈ జాతిని కాపాడే కృషి సాగుతున్నది. మందలు తరిగిపోయే జాతికి గడ్డకట్టించిన వీర్యం ఒక ధాన్యపు పాతర వంటిది. చలిలో కాలం గడిచినందువల్ల దానికి నష్టం లేదని ఆస్ట్రేలియాలో రుజువయింది. 1968లో గడ్డకట్టించిన పొట్టేళ్ళ వీర్యాన్ని అర్ధశతాబ్దం తరువాత సిడ్నీ విశ్వవిద్యాలయం వారు 56 గొర్రెలకు వాడగా 34 చూడి కట్టాయి. కొత్తగా గడ్డకట్టించిన వీర్యంతో 1048 గొర్రెలలో 618. శాతంలో తేడా లేదనే చెప్పాలి. ఏళ్ళ నిలువ కాదు, దిగే నిమిషాలూ ఎక్కే క్షణాలే ప్రాణాంతకం.

ఆ క్షణాలు రైతు ఇంటి ముందు గడుస్తాయి. గోపాలమిత్ర నత్రజని డబ్బా నుంచి గొట్టాన్ని తీసి, 37 డిగ్రీల నీటిలో అర నిమిషం ఉంచి, తుడిచి, వెంటనే వాడాలి. ఎదకు వచ్చిన గేదె ఆ పూట చూడి కట్టకపోతే తిరగపొర్లి, మళ్ళీ ఎదకు రావడానికి సుమారు మూడు వారాలు. అన్ని రోజుల పాడి వెనక్కి పోతుంది, మేత ఖర్చు ముందుకు వస్తుంది. డబ్బాలో నత్రజని మట్టం ఒకసారి తగ్గిందంటే పచ్చసొన గాని సోయా గాని చేయగలిగినది ఏమీ లేదు. కనుక లెసిథిన్ వాడదలచిన వీర్యకేంద్రం ఒకే ఆబోతు వీర్యాన్ని రెండు భాగాలు చేసి, ఒకటి పచ్చసొనలో, రెండవది లెసిథిన్‌లో గడ్డకట్టించి, ఒకే మండలంలో, ఒకే చేతులతో వేయించి, మూడో నెలలో పరీక్షించి ఎన్ని చూడి కట్టాయో లెక్కపెట్టవలసి ఉంటుంది. వందలలో కాదు, వేలలో లెక్కపెడితేనే రెండు మూడు శాతాల తేడా బయటపడుతుంది.